నాన్న మూటకట్టిన హెల్మెట్

విన్ పట్టణం.

మా అమ్మాయి ఖ్వేకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, వానే వదలడం లేదు. హనోయ్‌లో నువ్వూ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వడిగిన చిట్టి వంకాయల ఊరగాయ సీసా ఈ పెట్టెలోనే అడుగున ఉంది.

అల్లుడు థువాన్ బైకు మీద జనాన్ని ఎక్కించుకునే పనిలో చేరాడనీ, చవకలో మంచి హెల్మెట్ ఎలా పోల్చుకోవాలనీ రాశావు. పేవ్‌మెంటు మీద అవే అమ్ముకుంటున్నదాన్ని, నన్ను కాక ఎవర్ని అడుగుతావులే. నాణ్యత స్టిక్కరు చూసి మోసపోకు, అవి కట్టలకొద్దీ దొరుకుతాయి. లోపలి గుడ్డ తొలగించి థర్మకోల్‌ను బొటనవేలితో నొక్కు. స్పాంజిలా దిగబడితే అది పోలీసులకు చూపించడానికే. బెల్టు బిగించాక వెనకనుంచి పైకెత్తు, ఊడొస్తే వద్దు. అమ్మేవాళ్ళు నేలకేసి కొట్టి "చూడక్కా, గీతైనా పడలేదు" అంటారు. నేనూ కొడతాను, అది చూస్తేగాని జనం కొనరు. నువ్వు మాత్రం కొట్టినదాన్ని కొనకు. దెబ్బ తగిలితే థర్మకోల్ నలిగి తలను కాస్తుంది, అదీ ఒక్కసారే.

ఇక, నాన్న పక్కనుండగా ఫోన్లో చెప్పలేని సంగతి. పోయిన వారం వంతెన దగ్గర ఆయన బండి జారింది. తల రాతి అంచుకు తగిలి హెల్మెట్ నిలువునా చీలింది. ఆయనకు మోచెయ్యి గీరుకుంది, అంతే. కబురు విని పరుగెత్తుకెళ్ళి, ఆ చీలిక చూసి నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

ఆయన దాన్ని జిగురుతో అతికించి, చీలిక కనబడకుండా ఎర్ర స్టిక్కరు వేసి, ఇంట్లో తాతముత్తాతల పూజా పీఠం మీద పెట్టి అగరొత్తులు వెలిగించాడు.

"చెత్తలో పారెయ్యవయ్యా" అన్నాను.

"ఊరుకోవే. ప్రాణం నిలబెట్టినదాన్ని పారేస్తారా? ఇంత అదృష్టమున్న హెల్మెట్ ఎక్కడ దొరుకుతుంది? రోజంతా రోడ్డు మీదుండేది అల్లుడు. అతనికే పంపుదాం."

"హెల్మెట్లు అమ్మేది నువ్వా, నేనా?"

"అమ్మేది నువ్వే. పడింది నేను."



పెట్టెలో పైన ఎర్రగుడ్డ మూట అదే. ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే కట్టాడు. థువాన్ మురిసిపోయి తలకు పెట్టుకోకముందే సుత్తి తీసుకుని ముక్కలు చేసెయ్యి. దాని కింద నా సరుకులోంచి అదే నీలం రంగుది, కొత్తది పెట్టాను. దానికీ ఒక ఎర్ర స్టిక్కరు అంటించి, అల్లుడికి పెట్టి ఫొటో తీసి నాన్నకు పంపు. ఆయన గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు. నేనూ నిద్రపోతాను.

ఇట్లు,
మీ అమ్మ