దిగువన నివాసాలు: లేవు

అయ్యా,

విషయం: పాత ఆనకట్టను 'తక్కువ ప్రమాదం' తరగతి నుండి తప్పించుట, దాని కింద మేము ఉన్నామని తెలియజేయుట గురించి.

ఇంతకాలం ఈ సంగతి దేవుడికే చెప్పుకున్నాను. ఆయన ఓపికగా వింటాడు గాని, మరమ్మతులు ఆయన శాఖలో లేవు. మొన్న సోమవారం ఉతికిన తెల్ల దుప్పటి మట్టిరంగులో తేలింది. అందుచేత కలం పట్టాను.

1. నేను ఈ ఆనకట్ట తూము తలుపులు ఎత్తి దించే ఉద్యోగి భార్యను. కట్ట అడుగుకు అరవై అడుగుల దూరంలో, శాఖవారు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో నేను, మావారు, లేచి నడవలేని మా అత్తగారు ఇరవై రెండేళ్లుగా నివసిస్తున్నాము.

2. కట్ట అడుగున ఊట ఉన్నది. ఆ నీటితోనే బట్టలు ఉతుకుతాను. ఇన్నేళ్లూ అద్దంలా వచ్చిన నీరు నెల రోజులుగా బురదగా వస్తున్నది. ఊట తేటగా ఉంటే భయం లేదని, మట్టితో వస్తే కట్ట లోపల కోసుకుపోతున్నట్టేనని ఒకప్పుడు మావారే చెప్పారు. ఇప్పుడు అడిగితే "సబ్బు మార్చి చూడు" అంటున్నారు.

3. తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారు మా వంటింటి గడపలో నిలబడి టీ తాగారు. ఊట సంగతి చెప్పాను. "అమ్మా, కట్ట ఎంత పాతదో చూసి తరగతి ఇవ్వరు. తెగితే కింద ఎంతమంది పోతారో చూసి ఇస్తారు. ఇక్కడ కింద ఎవరూ లేరుగా!" అన్నారు. ఖాళీ గ్లాసు నా చేతికే ఇచ్చారు.

4. ఎవరూ లేరని చెప్పినది ఎవరా అని చూడగా, మావారే. ఏటా పంపే కాగితంలో 'దిగువన నివాసాలు: లేవు' అని ఉన్నది. ఈ ఇల్లు కట్టి మేము దిగకముందు పాత ఉద్యోగి రాసిన మాట అది. మావారు ఏటా పోయినేడాది కాగితం పక్కన పెట్టుకుని, మా వంటింటి బల్ల మీదే, ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నారు. ఇరవై రెండుసార్లూ పక్కన నిలబడి టీ పోసింది నేనే.

"ఇప్పుడు ఇల్లుందని రాస్తే, ఇన్నాళ్లూ లేదని ఎందుకు రాశావంటారే. ఉద్యోగం ఊడుతుంది" అన్నారు.

మంచం మీద నుండి అత్తగారు అందుకున్నారు. "ఒరేయ్, కన్నతల్లినే లేదని రాశావా? అయితే నీ టీ నువ్వే పెట్టుకో. లేని పెళ్లాం ఎలా పెడుతుంది?"

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకుంటే నిజంగానే లేననుకుంటావు!"

5. మావారు చెడ్డవారు కారు. వాన పడితే తిండి కూడా కట్ట మీదే. వారిని శిక్షించవద్దని వేడుకుంటున్నాను. ఆ గడిలో 'లేవు' కొట్టివేసి, 'ఇల్లు ఒకటి, మనుషులు ముగ్గురు, ఒకరు పరుగెత్తలేరు' అని రాయించగలరు. వానలకు ముందే ఊట చూడటానికి తమరే రాగలరు. టీ ఇస్తాను. గ్లాసు ఎవరిచ్చారో కాస్త తలెత్తి చూడగలరు.

ఇంతమాత్రం చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
తూము ఉద్యోగి భార్య,
దిగువన లేని ఇల్లు.

మరొక మాట: అర్జీలను విచారణకు కింది ఉద్యోగికి పంపడం తమ కార్యాలయ పద్ధతి. ఇది పంపితే మావారికే వస్తుంది. ఆయన పోయినేడాది కాగితం చూసుకుని, 'అర్జీదారు అక్కడ లేరు' అని రాసి పంపేస్తారు. కాబట్టి ఈ కాగితాలు తమ సొరుగులో దాచండి, ఎవరికీ చూపకండి. కట్ట బాగుపడిన రోజున చింపేయండి. అంతకు ముందే తెగితే, మేము ఉన్నామనడానికి మిగిలేది ఈ కాగితాలే.