కుళాయిలో మట్టినీళ్లు

బుజ్జీ,

నువ్వు పోయిన వానాకాలం మళ్లీ వచ్చింది. తాల్‌బగీచాలో మన వీధి కుళాయికి నిన్నటి నుంచి మట్టినీళ్లు వస్తున్నాయి. అప్పటి వాసనే.

పొద్దున పక్కింటి గౌరి తన ఏడాది బాబును ఎత్తుకొచ్చింది. ఆగకుండా విరేచనాలట. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. నీకూ అలాగే అయింది.

"నీళ్లిస్తే ఇంకా ఎక్కువైపోద్దని మా అత్త పట్టనివ్వనేదు, పిన్నీ."

"ఒంట్లో నీళ్లు లేకే పిల్లలు పోతారే. మా బుజ్జికి ఏటయిందో నాకు తెల్సు."

కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్ఎస్ పొడి కలిపి, చెంచాతో పడుతూనే టోటో రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. "బతుకుతాడు, దీదీ" అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చి, నీళ్లు మరిగించి తాగమని ఇంటింటికీ చెప్పాను. చివరింటి కోడలు గుమ్మంలోనే ఆపింది.

"మెల్లగా మాటాడండి. పాప పొద్దున్నుంచి నిద్దరోతంది. పాలకి కూడా లెగలేదు."

చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్లాను.

ఇప్పుడు ఆసుపత్రిలో ఆ పాపకు సెలైను ఎక్కిస్తున్నారు. బయట బెంచీ మీద కూర్చుని నీకు రాస్తున్నాను. పాప ఇంకా కళ్లు తెరవలేదు, బుజ్జీ.

అమ్మ