మన ఇంటి నాలుగు పచ్చ చుక్కలు

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నువ్వూ బాగున్నావనే అనుకుంటూ మొదలుపెడుతున్నాను. బాగానే ఉన్నాం అంటే, మందులు వేసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటూ, వేళకి తింటూ ఉన్నామని.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు మీద పార్టీ గుర్తు చూసి అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, నాకివ్వకుండా సాయంత్రం దాకా ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. "వాడికి పెద్దాఫీసులో సొంత గది ఇచ్చారా?" అని అడిగింది. ఇచ్చారని చెప్పాను. నిజమో కాదో ఈసారి రాయి, అబద్ధమైతే సర్దుకుంటాను. అమ్మ కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి మాత్రం తనకి కావలసిన మాటలకే పనిచేస్తోంది. బావ మోకాలు సంగతి అడిగావు. డాక్టరు నడవమంటాడు, బావ కూర్చుంటాడు, ఇద్దరి మధ్యా నా ప్రాణం తీస్తున్నారు. అమ్మాయి పరీక్ష గట్టెక్కింది. నేను రిటైరవడానికింకా రెండేళ్ళుంది. ఆస్పత్రి కిటికీ వెనక కూర్చుని చీటీలు రాసీ రాసీ, ఎవరైనా నమస్కారం పెట్టినా "వయసెంత?" అని అడిగేస్తున్నాను.

నువ్వు అడిగిన అసలు సంగతులు రెండు. ఫోన్‌లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. అందుకే ఆదివారం పూట, అందరూ కునుకు తీస్తుంటే కాగితం ముందు పెట్టుకున్నాను. ఓపిగ్గా చదువు.

మొదటిది: దేశం మొత్తానికి జరిగిన ఎన్నికల్లో మన వార్డులో అంత ఆధిక్యం వచ్చింది కదా, ఎనిమిది నెలలు తిరక్కుండానే రాష్ట్ర ఎన్నికల్లో ఎందుకు ఓడిపోయాం, ఆ వెనకే వార్డు ఎన్నికల్లో ఎందుకు ఇంకా ఘోరంగా ఓడిపోయాం అన్నావు. నువ్వు రాయబోయే నివేదిక అంతా దాని మీదేనన్నావు.

ఆస్పత్రి కిటికీ దగ్గర నాకు వినబడేది చెబుతాను. పెద్ద ఎన్నికలప్పుడు జనం టీవీ చూసి ఓటేస్తారు. దేశం సరిహద్దులు, దేశం పరువు, మన పార్టీ పెద్దాయన గొంతు. దాంట్లో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. రాష్ట్రం ఎన్నిక వచ్చేసరికి అదే జనం బస్సు గురించీ, బడి గురించీ అడుగుతారు. మనం మళ్ళీ పెద్దాయన ఫోటోనే చూపిస్తాం. నిలబెట్టినాయన ఎక్కడివాడో ఎవరికీ తెలీదు. తన సభ జరిగే మైదానానికి దారేదని మా ఆస్పత్రి కాపలావాడినే అడిగాడు. వాడికీ ఈయనెవరో తెలీలేదు. వార్డు ఎన్నిక వచ్చేసరికి మురికి కాలువ గురించి అడిగారు. అప్పుడు కూడా మనం సరిహద్దుల గురించే చెప్పాం.

ఇంతకుముందు ఇలా ఉండేది కాదు. టైలరన్న దుకాణం ముందు భాగమే కదా మన పార్టీ ఆఫీసు. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి ఫిర్యాదుల పుస్తకం. వీధి దీపం వెలగట్లేదని ఒకరు, కుళాయి రాలేదని ఒకరు రాసి పోయేవాళ్ళు. గురువారం మధ్యాహ్నం కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, ఆ పుస్తకం చంకన పెట్టుకుని టైలరన్న మునిసిపాలిటీకి నడిచేవాడు. పని అయినా కాకపోయినా శుక్రవారం ఆ ఇంటికెళ్ళి ఏమైందో చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళు చేశాడు. కాగితాలొద్దు, అన్నీ ఫోన్‌లోనే రావాలని మీ పెద్దాఫీసు వాళ్ళు ఆ పుస్తకం తెప్పించేసుకున్నారు. టైలరన్నకి వేరే పని పెట్టారు. రోజుకి అయిదు ఫోటోలు పంపాలి. ఇంటింటికీ తిరుగుతున్నట్టు. పాపం ఆయన ఒకే వీధిలో అయిదు గుమ్మాల ముందు నిలబడి ఫోటోలు తీయించుకుని, మళ్ళీ మిషను దగ్గరికి పరిగెత్తేవాడు.

ఇక రెండోది. ఆ రెండోదాని గురించే నాకు అయిదు రోజులుగా అన్నం సయించడం లేదు.

వార్డు ఎన్నికల జాబితాలో మనకి ఆరువందల పన్నెండు పచ్చ చుక్కలున్నాయి, అంటే ఖాయంగా మనకి పడే ఓట్లు, కానీ పడినవి నాలుగొందలు కూడా లేవు, కాబట్టి లోపల ఎవరో అమ్ముడుపోయారు, ఆ రోజు బూత్‌లో మన ఏజెంటుగా కూర్చున్నది టైలరే, ఓట్లకి ముందురోజు అతను ఇప్పుడు గెలిచినాయనతో కలిసి టీ తాగాడని ఫోటో కూడా ఉంది అని రాశావు. టైలరన్న ద్రోహం చేశాడని రాసి, నువ్వు పంపిన కాగితం మీద నన్ను సంతకం పెట్టి పంపమన్నావు. ఇంట్లోవాళ్ళ మాట కాబట్టి బలంగా ఉంటుందన్నావు.

టీ సంగతి ముందు తేల్చేస్తాను. వాల్వాయన, అదేరా, మన పేట నీళ్ళ వాల్వు తిప్పి రిటైరై, ఇప్పుడు అవతలి పార్టీ నుంచి గెలిచినాయన, ప్యాంటు అంచు కుట్టించుకోడానికి వచ్చాడు. కుట్టేదాకా టీ తాగాడు. టైలరు దుకాణానికి మనుషులు వేరే దేనికొస్తారు?

చుక్కల సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఇది ఫోన్‌లో మూడుసార్లు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ చుక్కలు పెట్టింది టైలరన్న కాదు. నేను. ప్రతి ఇంటి గడపా తొక్కి, మాట్లాడి, అప్పుడు పెట్టమన్నావు, మనవాళ్ళైతే పచ్చ, ఎటూ తేల్చకపోతే పసుపు, అవతలివాళ్ళైతే ఎరుపు. ఆరు రోజులు గడువిచ్చావు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికే నా కాళ్ళు దిమ్మెక్కి ఉంటాయి. నేనొక్క మెట్టు కూడా ఎక్కలేదురా. మంచం మీద కూర్చుని, పాత జాబితా పక్కన పెట్టుకుని, పెద్ద ఎన్నికల్లో మనకి వేశారనుకున్న వాళ్ళందరికీ పచ్చ చుక్క పెట్టేశాను. అప్పుడు వేశారు కదా, ఇప్పుడెందుకు వెయ్యరు అనుకున్నాను. రెండు మధ్యాహ్నాల్లో వార్డంతా పచ్చగా చేసేశాను. నువ్వు ఫోన్ చేసి "అక్కా, నీ వార్డే అన్నిటికంటే ముందు" అంటే మురిసిపోయాను కూడా.

ఆ తర్వాత పచ్చ ఇళ్ళకి ఎవరూ వెళ్ళొద్దు, టైము దండగ, పసుపు ఇళ్ళకే వెళ్ళండి అని ఆర్డరొచ్చింది. టైలరన్న గొణిగాడు, మనవాళ్ళ ఇళ్ళకే వెళ్ళొద్దంటే ఎలాగమ్మా అని. నేనే సర్దిచెప్పాను.

మన ఇంటికి కూడా నాలుగు పచ్చ చుక్కలే. ఆ నాలుగింటికీ లెక్క చెబుతాను, మిగతా ఇళ్ళ సంగతి నువ్వే ఊహించుకో. అమ్మాయికి అదే రోజు పక్క ఊళ్ళో పరీక్ష. బావ మోకాలు నొప్పి అన్నాడు. అదే మోకాలితో పెద్ద ఎన్నికలప్పుడు గంటసేపు వరసలో నిలబడ్డాడు. అమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేయించుకుంది, కిందటిసారి లాగే పార్టీ కారు వస్తుందని. కార్లన్నీ పసుపు ఇళ్ళకి పోయాయి. నేను తీసుకెళ్తానంటే "వాడు పంపిస్తాడే" అంది. అయిదింటి దాకా కూర్చుని, తనే లోపలికొచ్చి చీర మార్చుకుంది. తన ఒక్క ఓటు తక్కువైనందుకే నువ్వు ఓడిపోయావని ఇప్పటికీ కుమిలిపోతోంది.

నాలుగోది నాది. నేను వెళ్ళాను. వాల్వాయనకి వేశాను.

ఇక్కడిదాకా రాసి కాగితం చింపేద్దామనుకున్నాను. అయినా రాస్తాను. ఎన్నికలకి నెల ముందు మన స్నానాలగదిలోకి కాలువ నీళ్ళు ఎగదన్నాయి. తొమ్మిది రోజులు. బావని మేడ మెట్లెక్కించి పైవాళ్ళింట్లో స్నానం చేయించాను. మన పార్టీ ఫిర్యాదుల నంబరుకి ఫోన్‌లో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ పెద్దాయన దణ్ణం పెడుతున్న బొమ్మ వచ్చింది. నీకూ చెప్పాను. "పైకి పంపిస్తానక్కా" అన్నావు. పైకెళ్ళిందో లేదో కానీ నీళ్ళు మాత్రం పైకొచ్చాయి. పదో రోజు వాల్వాయన పొడుగాటి వెదురుబద్ద పట్టుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు. రెండు గంటలు ఆ కంపులో వంగి పొడిచాడు. చేతులు కడుక్కుని, గుమ్మం బయటే నిలబడి అన్నాడు:

"ఈసారి నేను నిలబడుతున్నానమ్మా. మీ తమ్ముడుగారిది అవతలి పార్టీ అని తెలుసు. అయినా ఒక ఓటరుని అడక్కుండా పోతే బాగోదు. ఆలోచించండి."

అప్పటికి నేనేమీ అనుకోలేదు. నవ్వి ఊరుకున్నాను. ఓట్లకి వారం ముందు సభకని నువ్వొచ్చావు. నీ కోసం సెలవు పెట్టాను. భోంచేస్తూనే ఫోన్‌లో మాట్లాడావు, అమ్మ నీ వీపు నిమురుతుంటే ఆ చెయ్యి పక్కకి జరిపావు. తర్వాత నేను పెట్టిన చుక్కల జాబితా బల్ల మీద పరిచి, మన ఇంటి నంబరు మీద వేలు పెట్టి, "దీని గురించి చూడక్కర్లేదు" అని పేజీ తిప్పేశావు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఒక్కసారి తలెత్తి "అక్కా, నువ్వు మనకే వేస్తున్నావు కదూ" అని అడుగుతావేమోనని ఆగాను. అడిగుంటే, ఆ కంపంతా మర్చిపోయి వేసేదాన్ని. నా మీద ఒట్టు. నువ్వు అడగలేదు. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను. బూత్‌లో కూడా చివరి నిమిషం దాకా మన గుర్తు దగ్గరే ఉంది వేలు. తర్వాత పక్కకి జరిగింది.

నీ ఉత్తరం తీసుకుని గురువారం డ్యూటీ దిగి టైలరన్న దుకాణానికి వెళ్ళాను. చదివి వినిపించాను. చుక్కల సంగతీ, నా ఓటు సంగతీ చెప్పేశాను. ఆయన మిషను తొక్కడం ఆపలేదు.

"తెలుసమ్మా. ఆ రోజు బూత్‌లోంచి బయటికొస్తూ నావైపు చూడకుండా పోయావు. ఎప్పుడూ పలకరించకుండా పోలేదు నువ్వు."

"మరి పెద్దాఫీసు వాళ్ళొచ్చి నిన్ను అంతలా నిలదీస్తే నా పేరు చెప్పొచ్చు కదా అన్నా?"

"ఎవరు ఎవరికేశారో చెప్పడానికా నన్ను అక్కడ కూర్చోబెట్టింది? పైగా నేను మీ ఇంటికొచ్చి అడిగానా ఏమన్నా? రోజూ మీ గుమ్మం ముందునుంచే పోయాను. పచ్చ చుక్క ఉంది కదా అని పోయాను." బయట వేలాడుతున్న పార్టీ బోర్డు వైపు చూశాడు. "దాన్ని వాళ్ళే వచ్చి దింపుకుంటారా, నన్నే దింపమంటారా? మీ తమ్ముడిని కనుక్కుని చెప్పు. మేకులు తుప్పు పట్టాయి, సుత్తి కావాలి."

నేనక్కడ కూర్చుని ఏడ్చాను. ఆయన మంచినీళ్ళిచ్చాడు.

తమ్ముడూ, ఈ చుక్కల పద్ధతి నువ్వు కనిపెట్టిందేనని నాకు తెలుసు. దీంట్లో తప్పుందంటే ముందు నీ కుర్చీకే ఎసరొస్తుందనీ తెలుసు. నాన్న పోయాక నిన్ను చదివించినదాన్ని, నీకు చెడు జరగాలని నేను కోరుకుంటానా? కానీ ఒక మనిషి ఇరవై రెండేళ్ళ పరువు మీద నీ ఉద్యోగం నిలబెట్టలేను. నీ నివేదికలో ద్రోహి కోసం వెతక్కు. ఖాయం అని రాసుకుని మనం వెళ్ళడం మానేసిన ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టు. మీ పైవాళ్ళకి నచ్చకపోయినా అదే రాయి. తిట్టాలనుంటే నాకు ఫోన్ చేసి తిట్టు, నేను పెట్టెయ్యను. అమ్మకి మాత్రం తన ఓటు వల్ల కాదని నువ్వే చెప్పాలి. నా మాట నమ్మడం లేదు.

నువ్వు పంపిన కాగితం ఈ కవర్లోనే పెడుతున్నాను. పార్టీకి వ్యతిరేకంగా పనిచేసిన వ్యక్తి అన్న చోట నా పేరు రాశాను. ఏం చేశారు అన్న చోట చుక్కల సంగతీ, నా ఓటు సంగతీ రాసి సంతకం పెట్టాను. ఇంకో కాపీ దాచాను. నివేదికలో టైలరన్న పేరుంటే ఆ కాపీ పట్టుకుని నేనే మీ పెద్దాఫీసు మెట్లెక్కుతాను. కింద సాక్షి సంతకం కావాలని ఉంది. బావకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. పెన్ను అందుకుని, "ఆ రోజు సభకొచ్చినప్పుడు వాడు నన్ను మాత్రం అడిగాడా?" అన్నాడు.

లేదన్నాను. సంతకం పెట్టాడు.

ఇట్లు,
నీ మేలు కోరే
అక్క