మన్నింపు వాపసు

నా చంకనెక్కి పెరిగిన తమ్ముడికి, అక్క దీవెనలు. మెత్తని మాట ఇదొక్కటే, తక్కినది ఓపిక పట్టి చదువు.

నేనెవరో మరిచిపోయి ఉంటావు, చెబుతాను. నా నోటి ఘాటుకు నన్ను సూరేకారమంటారు. అరవై దాటాయి. ఇంట్లో నేనూ, పెళ్ళికాని మా ఆడపడుచూ. లాండ్రీలో ఇస్త్రీబల్ల నాది. చదువు రాదు కాబట్టి వార్డు నర్సమ్మ రాస్తోంది. "తిట్లు కూడా రాయాలా?" అని అడిగింది. "అవే ముందు రాయి" అన్నాను.

మీ బావ నాకు మిగిల్చిపోయిన ఆస్తి హెచ్ఐవీ ఒక్కటే. అది ముదిరి ఎయిడ్స్ అయింది, వెనకాలే మెడలో క్యాన్సర్ గడ్డ లేచింది. రోగంతో పోరాడే సీడీ4 కణాలు నా రక్తంలో అడుగంటాయనీ, అంత పడిపోయినవాళ్ళలో బతికి బట్టకట్టేది కొందరేననీ డాక్టరు నీకు చెప్పాడు. అది విని వచ్చి నా మంచం పక్కన కూలబడ్డావు. "అక్కా, నీ జబ్బు సంగతి ఓనరు చెవిన వేసింది నేనే. నీ బల్ల మా ఆవిడకొస్తుందని ఆశపడ్డాను. మన్నించవే" అని ఏడ్చావు. నాకు నోరు పిడచగట్టుకుపోయి ఉంది. నీ తల నిమిరి "పోనీలేరా" అన్నాను.

ఒరే, ఓనరు నన్ను పనిలోంచి తీసేసి, నా టిఫిన్ డబ్బాని గుడ్డతో పట్టుకుని గుమ్మం బయట పెట్టిననాడు నీ నోరేమైంది? "ఈ చాడీ ఎవడు మోశాడో, వాడి నాలుక తెగ" అని నాతోపాటు నువ్వూ శాపనార్థాలు పెట్టావే! నా కణాలు పడిపోయాక గాని నీకు ధైర్యం లేవలేదు. పోయేదాని దగ్గర కక్కేస్తే దాంతోపాటే పోతుందనుకున్నావు.

నేను పోలేదు. హెచ్ఐవీ మాత్రలకు కణాలు పెరిగాయి, క్యాన్సర్ మందుకు గడ్డ కరిగింది. "మరి అప్పుడలా అన్నారేం బాబూ?" అని డాక్టర్ని నిలదీశాను. "ఆ లెక్క ఎందరినో చూసి కట్టింది అవ్వా, నిన్ను అడిగి కట్టింది కాదు" అని నవ్వాడు.

కాబట్టి ఆ "పోనీలేరా" వాపసు తీసుకుంటున్నాను. అది చచ్చిపోయే మనిషి అన్న మాట. సోమవారం లాండ్రీకి వస్తున్నాను. ఓనరూ, పనివాళ్ళూ, మీ ఆవిడా వింటుండగా నాకు చెప్పిందే అక్కడ చెప్పు. ఏడవక్కర్లేదు, గట్టిగా చెప్పు చాలు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. చెప్పినా మన్నిస్తానని మాటివ్వను. ఈసారి తీరిగ్గా ఆలోచించుకునేంత ఆయుష్షు నాకుంది.

ఇట్లు,
నీ అక్క (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: రాసిన వార్డు నర్సు.
పక్క మంచం మీది దర్జీ భార్య. ఆ రోజు తను నిద్రపోలేదనీ, నీ మాటలన్నీ విన్నాననీ, సోమవారం తనూ వస్తాననీ రాయించింది.