స్కానింగ్‌కి ముందు రెండు బిస్కెట్లు

డాక్టరు గారికి నమస్కారాలు.

పోయిన బుధవారం పేగుల స్కానింగ్‌కి వచ్చిన ముసలివాణ్ణి నేను. పరగడుపున రమ్మన్నారు, అలాగే వచ్చాను. బయట బల్ల మీద నా పక్కన కూర్చున్న ఒకావిడ బిస్కెట్లు ఇచ్చి, "తీసుకో అన్నయ్యా, మొహం వాడిపోయింది" అంది. వద్దంటే ఏమనుకుంటుందోనని రెండు తిన్నాను.

లోపల సూది వేసే అమ్మాయి, "ఇది చక్కెర లాంటి మందు తాతగారూ. కడుపులో చెడ్డ గడ్డ ఉంటే దీన్ని తెగ పీల్చుకుని ఫోటోలో వెలుగుతుంది. ముందే ఏమైనా తింటే ఈ మందు సరిగ్గా పీల్చుకోదు, గడ్డ ఉన్నా వెలగకపోవచ్చు. అందుకే ఏమీ తినకూడదు. తినలేదుగా?" అంది. మొహమాటపడి తల అడ్డంగా ఊపాను.

ఎక్కడా వెలగలేదని, ఇక భయం లేదని మీరు రాసిచ్చారు. అది నిజమో, నా బిస్కెట్ల చలవో తెలియక నాలుగు రోజులుగా మనసు మనసులో లేదు. తప్పు నాదే, ఆ అమ్మాయిని ఏమీ అనకండి. అవసరమైతే మళ్ళీ తీయండి.

ఇంటికి ఫోన్ మాత్రం చేయకండి, ఎత్తేది మా ఆవిడే. ఆరు నెలల తరవాత మళ్ళీ పాడుకుంటూ పని చేసుకుంటోంది. ఎప్పుడు రావాలో నా పేరున ఒక కార్డు రాయండి. అంతవరకూ ఆవిణ్ణి పాడుకోనిద్దాం.

ఇట్లు,
మీ పదకొండో నంబరు చీటీ రోగి