ట్వంటీ సైజు పిస్టన్లు

జనవరి 20, మంగళవారం

మెకానిక్ గౌస్ బాషా ఇంజన్ దించాడు. నాన్న నాకిచ్చి పోయిన హెరాల్డ్ కారు, నా కన్నా పదిహేనేళ్ళు పెద్దది. ఆరు నెలలుగా ఒకటే పొగ. నాలుగు సిలిండర్లూ అరిగాయట, రీబోర్ తప్పదట. లోపలి గోడ కాస్త చెక్కి, దానికి తగ్గ పెద్ద పిస్టన్లు వెయ్యాలి. ఓవర్‌సైజులు మూడు. ట్వంటీ, ఫార్టీ, సిక్స్టీ. ట్వంటీ వేస్తే, అరిగాక ఫార్టీ వేసుకోవచ్చు, అదీ అరిగితే సిక్స్టీ. సిక్స్టీ తర్వాత చెక్కడానికి గోడలో ఇనుము ఉండదు.

ట్వంటీ చాలు అన్నాను. బాషా నా వంక చూడలేదు, మా ఆయన అయూబ్ వంక చూశాడు. మేడంకి మాటిమాటికీ ఇంజన్ దించే తిప్పలెందుకండీ, సిక్స్టీ వేసేద్దాం, ఒక్కసారే తేలిపోద్ది అన్నాడు. అయూబ్ తల ఊపాడు.

జనవరి 21

ఏం తేలిపోద్ది? నేనా?

జనవరి 23, మధ్యాహ్నం

రాసేస్తాను, ఎవరు చదువుతారు గనక. ఏడాదిన్నర కిందట బ్రెస్ట్‌లో గడ్డ. గుంటూరులో సర్జరీ, ఎనిమిది కీమోలు. అయిపోయింది. జుట్టు వచ్చింది. డాక్టర్ బాగుంది అంటున్నాడు, మూడు నెలలకోసారి స్కాన్ చేయించుకుంటే చాలంటున్నాడు. డాక్టర్ నమ్మాడు గానీ చీరాల నమ్మడం లేదు.

కాలేజీలో జూన్ నుంచి నాకు క్లాసుల్లేవు. హాయిగా రెస్ట్ తీసుకోండి మేడం అన్నాడు ప్రిన్సిపాల్, నేను అడిగినట్టు. మా ఆడపడుచు నజ్మీన్ చీరలు చూపిస్తూ, నీకు ఇప్పుడెందుకులే వదినా అని నా ముందు నుంచి పట్టుచీర లాగేసుకుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. అయూబ్ కిక్కురుమనకుండా తిన్నాడు. పదహారేళ్ళు ఉప్పు కోసం నాతో గొడవపడ్డ మనిషి!

నాకు నలభై మూడు. ఒళ్ళు మండిపోతోంది.

జనవరి 27, మంగళవారం

గుంటూరులో పాత పార్టులు అమ్మే షాపుకి ఫోన్ చేశాను. ట్వంటీ సెట్టు ఉంది, పంపమంటారా అన్నాడు. ఊరి పేరు చెప్పగానే, అదేంటి మేడం, శనివారం మీ సారు ఫోన్ చేసి సిక్స్టీ బుక్ చేశారుగా అన్నాడు.

అయూబ్ భోజనానికి వచ్చేదాకా ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. నీ గురించే ఆలోచించాను ఖుర్షిదా అన్నాడు. అదే కదా నా ఏడుపు. ఎన్నేళ్ళ వరకు ఆలోచించావు, అంకె చెప్పు అన్నాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

షాపువాడికి మళ్ళీ ఫోన్ చేసి సిక్స్టీ క్యాన్సిల్ చేశాను. ఆ కారు ఆర్‌సీ మీద నా పేరుంది.

జనవరి 29, గురువారం

ట్రాలీ ఆటోలో ఇంజన్ బ్లాక్ వేయించుకుని నేనే గుంటూరు వెళ్ళాను. దారిలో ట్వంటీ సెట్టు తీసుకున్నాను. లేత్ పని చేసే వీరబాబుకి అరవై ఏళ్ళుంటాయి. నేనెవరో, నాకేం జరిగిందో తెలీదు. సిలిండర్‌లో వేలు పెట్టి తిప్పాడు, గేజ్ పెట్టి కొలిచాడు, నా మీద విరుచుకుపడ్డాడు.

ఎయిర్ ఫిల్టర్ ఎన్నేళ్ళయింది మార్చి? పత్తి దుమ్మూ మిరప దుమ్మూ అంతా దీని కడుపులోనే ఉందే! ఆయిల్ పోశారా, కాలవ నీళ్ళు పోశారా? చదువుకున్నోళ్ళు కదమ్మా!

నేనేం తక్కువ తిన్నానా. కారు చూసుకునే తీరిక నాకెక్కడిదయ్యా అన్నాను. తీరిక లేకపోతే బస్సెక్కండి అన్నాడు. మా మెకానిక్ సిక్స్టీ వెయ్యమన్నాడు అంటే గేజ్ బల్ల మీద పడేశాడు. ఎవడాడు? ఇంత గోడ పెట్టుకుని నరికేస్తారా? మూడో సిలిండర్‌లో ఒక గీత ఉంది, ట్వంటీకి పోతే పోద్ది, లేకపోతే ఫార్టీ. ముందు పిస్టన్లు ఒక్కోటీ కొలిచి, దాన్ని బట్టి ఒక్కో సిలిండరూ చెక్కుతా. పదేళ్ళకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు. అప్పుడూ ఫిల్టర్ ఇట్టాగే ఉంటే బ్లాక్ ముట్టను, ముందే చెబుతున్నా.

ఏడాదిన్నరకి ఒక మనిషి నా మీద అరిచాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ప్రాణం హాయిగా ఉంది.

ఫిబ్రవరి 2

వీరబాబు ఫోన్. గీత పోయింది. ట్వంటీ సరిపోయింది. అయూబ్‌కి చెప్పాను. సరే అన్నాడు, అంతే. వారం నుంచి మా మాటలు ఇంతే.

ఫిబ్రవరి 12, గురువారం

స్కాన్‌కి హెరాల్డ్‌లోనే వెళ్ళాం. కొత్త పిస్టన్లు, ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా యాభై దాటొద్దన్నారు. పొన్నూరు దాటాక కోపంగానే డెబ్బై తొక్కాను. అయూబ్ డాష్‌బోర్డ్ మీద చెయ్యేసి కొట్టి, నీకసలు బుద్ధుందా, ఇప్పుడే పట్టేసేట్టు తోలితే ఎట్టా, ఈ ఇంజన్ నీకు ఇంకా ముప్పై ఏళ్ళు రావద్దూ అని అరిచాడు.

యాభైకి తగ్గించాను.