తిట్టడానికి ఒక మనిషి

సోలాపూర్, అశోక్ చౌక్ వెనక గల్లీ.

కరెంటు ఆఫీసు ఇంజనీరు గారికి నమస్కారాలు.

మొన్న వానల్లో కరెంటు పోతే మీ కిటికీ ముందుకొచ్చి, “మా కడుపు కొడ్తున్నరు, శరం లేదా?” అని అరిచింది నేనే. మీరు నీళ్లిచ్చి, “కూసో కాకా, సాయంత్రంలోపు వస్తది” అన్నారు. వచ్చింది కూడా. ఇప్పుడు తలెత్తలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా గల్లీ మొత్తానికి నెమలి డిజైన్ నేసే చిల్లుల అట్టలు ఒక్క సెట్టే. వాటిని వంతులవారీగా మగ్గాలకు ఎక్కించి అందరం అవే చద్దర్లు నేస్తాం. నేను ఫోనులో సరుకు అమ్ముకునే పెద్ద కంపెనీ అందరి చద్దర్ల ఫొటోలూ ఒకేలా ఉండడం చూసి, నాది దొంగ డిజైనని అందులో నా దుకాణం మూసేసింది. ఇప్పుడు కొనేవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఫోను చేస్తే మిషను మాట్లాడింది. దొంగను కానని దానికే చేతులు జోడించాను. మా ఆవిడ లలిత చూసి, “ఎవరికి మొక్కుతున్నవ్?” అంది.

కరెంటుకు ఉన్నట్టే ఆ కంపెనీవాళ్లకూ ఒక సర్కారు కానూను, ఒక కిటికీ, దాని వెనక మీలాంటి మనిషి ఉండాలని పైవాళ్లకు రాయగలరా? ఈసారి అరవను.

ఈ వారం కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు సార్. మగ్గం నేనే ఆపాను.

ఇట్లు,
మీ మీద అరిచిన నేతగాడు